ట్యాప్ కార్డా, కాగితం కార్డా, లింక్డ్‌ఇన్నా? బెంగళూరు పరిచయాలకు ఏది మర్యాద

మాదావర ఎగ్జిబిషన్ హాలు. ఎదుటాయన ఒక చేతిలో బ్రోచర్ల సంచి, ఇంకో చేతిలో కాఫీ కప్పు. మనవాడు నల్లటి మెటల్ కార్డు తీసి "ఫోన్ ఒకసారి ఇటు పెట్టండి సార్" అంటాడు. ఆయన కప్పు పెట్టడానికి చోటు వెతుక్కుని, ఫోన్ తీసి, లాక్ తెరిచి, కార్డు మీద ఆనిస్తాడు. ఏమీ రాదు. "కొంచెం పైకి... కాదు కాదు, వెనకవైపు. కవర్ తీస్తారా? ఎన్‌ఎఫ్‌సీ ఆన్‌లో ఉందా?" ఈలోగా కాఫీ చల్లారుతుంది. ఆయన కోసం ఆగిన ఇద్దరూ పక్క స్టాలుకి వెళ్లిపోతారు. చివరికి పేజీ తెరుచుకుంటే అందులో ముందు కనిపించేది మనవాడి నంబరు కూడా కాదు. "మీ పేరు, మీ ఫోన్ నంబరు నింపండి" అనే ఫారం.

బెంగళూరులో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు కొత్తవాళ్లను కలిసినప్పుడు ఇప్పుడు వాడుతున్నవి ముఖ్యంగా మూడు: ఫోన్‌కి తాకించే ట్యాప్ కార్డు, చేతికిచ్చే కాగితం కార్డు, లింక్డ్‌ఇన్. మూడింటినీ ఇక్కడ ఒకే కొలబద్దతో చూస్తున్నాం. 'ఇచ్చిపుచ్చుకోవడం' అన్న మాటలో ఇచ్చేవాడు ముందుంటాడు గానీ శ్రమంతా పుచ్చుకునేవాడిదే. ఆయనకు ఎన్ని సెకన్లు పట్టింది, ఎన్ని చేతులు కావాల్సి వచ్చాయి, ఆయన్ను అడక్కుండా ఆయన దగ్గర ఏం తీసుకున్నాం అన్నదాన్ని బట్టే మార్కులు. కార్డు ఎంత తళుక్కుమంటుందన్నది లెక్కలోకి రాదు.

ట్యాప్ కార్డు: పదికి అయిదు

లోపల ఉండేది ఆవగింజంత చిప్పు, దాని చుట్టూ సన్నటి లోహపు తీగ చుట్ట. బ్యాటరీ ఉండదు. ఫోన్ నుంచి వచ్చే 13.56 మెగాహెర్ట్జ్ తరంగాల శక్తితోనే పనిచేస్తుంది కాబట్టి కొద్ది సెంటీమీటర్లు దాటితే పలకదు. ఈ పద్ధతి పేరే ఎన్‌ఎఫ్‌సీ. ఎక్కడ తాకించాలన్నది ఫోన్‌ను బట్టి మారుతుంది. ఐఫోన్‌లో పై అంచున, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వెనకవైపు నడుమనో, కెమెరా కిందనో. ఈ సంగతి తెలిసినవాడు ఎదుటివాడి ఫోన్ చూడగానే సరైన చోట ఆనిస్తాడు. తెలియనివాడు దాని మీద ఇస్త్రీపెట్టె తిప్పినట్టు కార్డు తిప్పుతూ ఉంటాడు.

కొనే ముందు చిప్పు పేరు అడగండి. ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ తయారుచేసే ఎన్‌ట్యాగ్ 213 చిప్పులో మనం రాసుకోవడానికి ఉండేది 144 బైట్లు. 215లో 504, 216లో 888. కార్డులో ఒక వెబ్ లింకు మాత్రమే పెట్టేట్టయితే 213 చాలు. అలా కాకుండా పేరు, హోదా, రెండు నంబర్లు, చిరునామా అంతా చిప్పులోనే దాచాలంటే 213 సరిపోదు. తెలుగులో రాస్తే మరీను. అక్షరం, గుణింతపు గుర్తు, ఒత్తుకి వాడే పొల్లు ఒక్కోటీ మూడేసి బైట్లు తింటాయి. 'కృష్ణ' అన్న చిన్న పేరుకే 15 బైట్లు పోతాయి.

పైగా వివరాలన్నీ చిప్పులో దాచినా ఐఫోన్ దగ్గర లాభం లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లు సాధారణంగా కాంటాక్టు ఫైలును చదివి "సేవ్ చేయాలా" అని అడుగుతాయి. ఐఫోన్ తనంతట తాను తెరిచేది వెబ్ లింకు, ఫోన్ నంబరు, మెయిల్ చిరునామా లాంటివే. అందుకని చిప్పులో లింకు పెట్టి, ఆ పేజీలో 'కాంటాక్ట్ సేవ్ చేసుకోండి' అనే బటన్ ఉంచడమే దారి. ఐఫోన్లలో కూడా 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ మోడళ్ల నుంచి స్క్రీన్ వెలిగి ఉంటే చాలు, దానంతటదే చదువుతుంది. 7, 8, ఎక్స్ మోడళ్ల వాళ్లు కంట్రోల్ సెంటర్‌లోకి వెళ్లి రీడర్ బొమ్మ నొక్కాలి. ఇంకో తిరకాసు ఉంది. కార్డు కనబడగానే చాలామంది క్యూఆర్ అనుకుని కెమెరా తెరుస్తారు. కెమెరా తెరిచి ఉన్నంతసేపూ ఐఫోన్ ఎన్‌ఎఫ్‌సీని చదవదు. "పనిచేయట్లేదండీ" అనే మాటకు కొన్నిసార్లు కారణం కార్డు కాదు, తెరిచి ఉన్న కెమెరా. మన దగ్గర తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఎన్‌ఎఫ్‌సీయే ఉండదు. అలాంటి ఫోన్ ఉన్నాయన చేత నలుగురిలో "నా ఫోన్‌లో అది లేదండీ" అనిపించడం ఏం మర్యాద?

మెటల్ కార్డు కొనేవాళ్లు తెలుసుకోవాల్సింది: లోహం ఈ తరంగాలను మింగేస్తుంది. అందుకే చిప్పుకీ లోహానికీ మధ్య ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పదార్థం) పొర వేస్తారు, లేదా ఒకవైపు ప్లాస్టిక్ కిటికీ వదులుతారు. ఫలితం, కార్డు ఒక్కవైపే పనిచేస్తుంది. ఏ వైపో గుర్తు లేకపోతే ప్రతిసారీ తిరగేసి చూపించాల్సిందే. మామూలు పీవీసీ కార్డుకి ఈ బాధ లేదు, ధరా తక్కువే. ముద్రణ లేని ఖాళీ కార్డు వంద రూపాయల లోపే దొరుకుతుంది. ఎన్‌ఎఫ్‌సీ టూల్స్ లాంటి ఉచిత యాప్‌తో లింకు మనమే రాసుకోవచ్చు. 'రైట్', 'యాడ్ రికార్డ్', 'యూఆర్‌ఎల్', లింకు అతికించడం, కార్డు ఆనించడం, అంతే. రాశాక రెండు మూడు రకాల ఫోన్లతో పరీక్షించి అప్పుడు లాక్ చేయండి. లాక్ చేయకుండా వదిలేస్తే ఎవరైనా మన కార్డు మీద వాళ్ల లింకు రాసేయగలరు. లాక్ చేశాక మాత్రం మనం కూడా మార్చలేం. అందుకే ఆ లింకు మన చేతిలో ఉన్నదై ఉండాలి: సొంత డొమైనో, లింక్డ్‌ఇన్ ప్రొఫైలో.

అసలు లోపం ఇక్కడే. రెడీమేడ్‌గా అమ్మే ట్యాప్ కార్డుల్లో చాలావరకు లింకు ఆ అమ్మిన కంపెనీ సర్వర్‌కే వెళ్తుంది. సభ్యత్వం కట్టడం ఆపితే, లేదా ఆ కంపెనీయే మూతపడితే, మీ కార్డు ఉత్త ప్లాస్టిక్ ముక్క. ఇక పైన చెప్పిన ఫారం సంగతి. దీన్ని 'లీడ్ క్యాప్చర్' అని గొప్ప సదుపాయంగా అమ్ముతున్నారు. ఎదుటివాడు మన నంబరు చూడాలంటే ముందు ఆయన నంబరు ఇవ్వాలట! ఇంటికొచ్చినవాడిని గుమ్మంలోనే ఆపి ఆధార్ అడిగినట్టుంది. సెట్టింగుల్లో దాన్ని ఆపేసే వీలుంటే మొదటి రోజే ఆపండి. వీల్లేకపోతే ఆ కార్డు కొనకండి.

వాడేవాళ్లకు చిన్న జాగ్రత్తలు. మెట్రో కార్డుతో కలిపి ఒకే అరలో పెట్టి తాకిస్తే రెండు చిప్పులూ ఒకేసారి పలికి ఫోన్ తికమకపడుతుంది. ఫోన్ కవర్ వెనక దాచుకుంటే మీ ఫోనే దాన్ని మాటిమాటికీ చదువుతుంది, వైర్‌లెస్ ఛార్జింగ్‌కూ అడ్డే. అన్నిటికన్నా ముఖ్యం, కార్డు వెనక క్యూఆర్ ముద్రించుకోండి. ఎన్‌ఎఫ్‌సీ లేనివాళ్లకు అదే దిక్కు. క్యూఆర్ ఉన్న ట్యాప్ కార్డుకి రెండు మార్కులు ఎక్కువ వేయొచ్చు.

ఇద్దరివీ ఐఫోన్లయితే ఏ కార్డూ అక్కర్లేదు. 2023లో ఐఓఎస్ 17తో వచ్చిన నేమ్‌డ్రాప్‌లో రెండు ఫోన్ల పై అంచులు దగ్గరగా తెస్తే చాలు. అందులో మాకు నచ్చింది ఏమిటంటే, నా వివరాలు ఇవ్వనా, మీవి మాత్రం తీసుకోనా అని ఫోనే అడుగుతుంది. ఇవ్వడం ఇష్టం లేనివాడు నోటితో కాదనక్కర్లేకుండా తప్పుకోవచ్చు. మొహమాటస్థులకు ఇంతకన్నా మేలు లేదు.

కాగితం కార్డు: పదికి ఎనిమిది

పాతదే, కానీ ఒక చేత్తో, రెండు సెకన్లలో పనైపోతుంది. ఇష్టం లేనివాడు జేబులో వేసుకుని ఊరుకుంటాడు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

చిక్‌పేట మెట్రోలో దిగితే అవెన్యూ రోడ్డు, సుల్తాన్‌పేట సందుల్లో పెళ్లిపత్రికల దుకాణాల పక్కనే వీటిని వేసేవాళ్లు దొరుకుతారు. రెండు పద్ధతులున్నాయి. డిజిటల్‌లో 12x18 అంగుళాల షీటుకి 24 కార్డులు పడతాయి. వంద కార్డులు కావాలంటే ఇదే మేలు, చాలాచోట్ల ఆ రోజే ఇస్తారు. ఆఫ్‌సెట్‌లో నలుగురైదుగురి డిజైన్లు ఒకే ప్లేటు మీద కలిపి వేస్తారు కాబట్టి వెయ్యికి తక్కువ తీసుకోరు, కార్డు ఒక్కింటికి ఖర్చు బాగా తగ్గుతుంది, కానీ రోజులు పడుతుంది. పక్కవాడి డిజైన్‌లో ఎరుపు దట్టంగా ఉంటే ఆ ప్రభావం మీ రంగు మీదా కొంత పడొచ్చు. కంపెనీ లోగో రంగు అచ్చంగా అలాగే రావాలని పట్టుదల ఉన్నవాళ్లు ఆఫ్‌సెట్ కలగాపులగానికి ఇవ్వకండి. ఉద్యోగం మారే ఆలోచన ఉన్నవాళ్లు వెయ్యి వేయించకండి!

కొలత మూడున్నర అంగుళాలు బై రెండు. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్‌లో పోయేలా అంచు దాటి వేసే ముద్రణ), లోపలి అక్షరాలు అంచుకి కనీసం 3 మిల్లీమీటర్ల దూరం. లేకపోతే కటింగ్‌లో నంబరు చివరి అంకె ఎగిరిపోయే ప్రమాదం ఉంది. అక్షరాలు 7 పాయింట్లకు తగ్గకూడదు. ఎదుటాయన వయసు యాభై దాటితే 8 అయినా ఉండాలి. సన్న అక్షరాలకు నలుపు ఒక్క ఇంకే వాడమనండి. నాలుగు రంగులూ కలిపి నలుపు చేస్తే ముద్రణ కాస్త జరిగినా అక్షరం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది.

చాలామంది అడిగేది మ్యాట్ లామినేషన్. చేతికి మెత్తగా, ఖరీదుగా ఉంటుంది నిజమే. కానీ దాని మీద బాల్‌పెన్ సరిగ్గా రాయదు, జెల్ పెన్ చెరిగిపోతుంది. కార్డు పుచ్చుకున్నవాడు వెనకవైపు "పంపు సీళ్లు, జనవరిలో ఫోన్ చేయాలి" అని రాసుకోవడానికి వీలుండాలి. రేపు మన మొహం మరిచిపోయినా ఆ ముక్కే గుర్తు చేస్తుంది. అలాగని ముందువైపు మాత్రమే లామినేషన్ చేయిస్తే నాలుగు రోజుల్లో కార్డు అప్పడంలా వంకర తిరుగుతుంది. లామినేషన్ లేని 300 నుంచి 350 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాములు) బోర్డే మా ఎంపిక.

క్యూఆర్ వేస్తే 2 సెంటీమీటర్లకు తగ్గకుండా, చుట్టూ తెల్ల జాగా వదిలి వేయండి. నల్ల కార్డు మీద తెల్ల క్యూఆర్ చూడ్డానికి బాగుంటుంది గానీ కొన్ని స్కానర్లు చదవవు. 'ఉచిత డైనమిక్ క్యూఆర్' (తమ సర్వర్ మీదుగా మీ పేజీకి మళ్లించే కోడ్) ఇచ్చే సైట్ల జోలికి వెళ్లకండి. గడువు ముగిశాక ఆ గళ్లు వాళ్ల ప్రకటన పేజీకి దారి తీస్తాయి, మీ దగ్గరేమో ఇంకా తొమ్మిది వందల కార్డులు మిగిలి ఉంటాయి.

తెలుగులో కూడా పేరు వేయించుకోవాలనుకునేవాళ్లకు బెంగళూరులో ఒక ఇబ్బంది. హైదరాబాద్, విజయవాడ డీటీపీ సెంటర్లలో ఉండే అను ఫాంట్లు ఇక్కడ అన్ని దుకాణాల్లోనూ ఉండవు. యూనికోడ్ ఫాంటుతో టైపు చేసిచ్చినా, ఫొటోషాప్‌లో భారతీయ లిపుల అమరిక ఆన్ చేయకపోతే ఒత్తులు విడిపోయి, 'శ్రీకృష్ణ' కాస్తా 'శ్‌రీకృష్‌ణ' అవుతుంది. కన్నడ లిపి తెలిసిన ఆపరేటర్ కూడా తొందరలో గమనించడు. ఇంట్లోనే సరిగ్గా అమర్చి, అక్షరాలను అవుట్‌లైన్‌గా మార్చిన పీడీఎఫ్ పట్టుకెళ్లండి. అప్పుడు వాళ్ల దగ్గర ఏ ఫాంటు ఉన్నా లేకున్నా ఒకటే.

పేరు గురించి మరొక్క మాట. మనకు ఇంటిపేరు ముందు, పిలిచే పేరు చివర. వేరే రాష్ట్రాలవాళ్లకు 'కె. వి. ఎస్. ఎన్. ప్రసాద్'లో ఏం పిలవాలో తోచక "హలో కేవీ" అంటారు. పిలవాల్సిన పేరు ఒక్కటే కొంచెం మందంగా వేస్తే వాళ్ల ఇబ్బంది తీరుతుంది.

ఇచ్చే పద్ధతి చిన్నప్పటి నుంచీ తెలిసిందే: కుడిచేత్తో, అక్షరాలు పుచ్చుకునేవాడి వైపు తిరిగి ఉండేలా. బిడది దారిలో టొయోటా, దాని అనుబంధ కంపెనీల వాళ్లతో పని పడేవాళ్లు మాత్రం జపాన్ పద్ధతి నేర్చుకోవాలి. రెండు చేతులతో ఇచ్చి, రెండు చేతులతో పుచ్చుకుని, ఒకసారి చదివి, కూర్చున్నంతసేపూ బల్ల మీద ఎదురుగా ఉంచుకోవాలి. వాళ్ల ముందు దాని మీద రాయడం, వెనక జేబులో పెట్టి దాని మీదే కూర్చోవడం అవమానం కింద లెక్క. మన దగ్గర వెనకవైపు రాసుకోవడం శ్రద్ధకు గుర్తు, వాళ్ల దగ్గర అదే తప్పు.

లింక్డ్‌ఇన్: వాడేవాడిని బట్టి

2003 మేలో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఈ ఊళ్లో ఉద్యోగం వెతికేవాళ్లకు ఇది లేకుండా గడవదు కాబట్టి వాడాలా వద్దా అన్న చర్చ అనవసరం. కానీ దీని ఆకలి ఎప్పుడూ ఒకటే, ఎలాగోలా పరిచయాల సంఖ్య పెంచడం. ఫోన్‌లోని కాంటాక్టులన్నీ అప్పజెప్పమని అడుగుతుంది. ఒప్పుకున్నారా, మీ ఇంటి ఓనరు, గ్యాస్ డెలివరీ అబ్బాయి, ఎప్పుడో మానేసిన పాత మేనేజరు అందరూ వరుసలో నిలబడతారు. ఒకప్పుడు ఇది సభ్యుల పేరు మీద వాళ్ల పరిచయస్థులకు గుర్తుచేసే మెయిళ్లు పదేపదే పంపేది. దాని మీద 2013లో కాలిఫోర్నియాలో దావా పడింది, 2015లో 1 కోటీ 30 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. మన పేరుతో మనకు తెలియకుండా ఇంకొకరు తలుపు తట్టడానికి ధర కట్టిన కేసు అది. కాంటాక్టుల సింక్ ఆపేసే ఉంచండి.

ఎవరినైనా కలిసినప్పుడు యాప్‌లోని క్యూఆర్ కోడ్ ఉపయోగం. ట్యాప్ కార్డు కన్నా నయం, ఎందుకంటే ఎదుటివాడు స్కాన్ చేశాక నచ్చితేనే 'కనెక్ట్' నొక్కుతాడు. ఎదురుబొదురుగా కాక, ఇంటికెళ్లి వెతికి ఆహ్వానం పంపేవాళ్లకు మాత్రం ఒక గుంట ఉంది. ఫోన్ యాప్‌లో 'కనెక్ట్' నొక్కితే సందేశం అడక్కుండానే ఆహ్వానం వెళ్లిపోవచ్చు. పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ఆహ్వానానికి మాట జతచేసే వరుసను ఎంచుకోవాలి. కంప్యూటర్‌లో అయితే ముందే అడుగుతుంది. ఉచిత ఖాతాకి నెలకు కొన్ని ఆహ్వానాలకే ఈ వీలు, అదీ 200 అక్షరాల లోపు. డబ్బు కట్టినవాళ్లకు 300. కాబట్టి ఎవరికి రాయాలో ఎంచుకోవాలి.

200 అంటే ఎంత? తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. కంటికి రెండక్షరాలు కనిపించే 'కృష్ణ' కంప్యూటర్ లెక్కలో 5. అయినా పని జరిగేంత చోటుంది. ఈ కింది ముక్క సుమారు 140:

"నమస్తే అండీ. నిన్న మాదావరలో మీ స్టాల్ దగ్గర స్పిండిల్ బేరింగుల గురించి మాట్లాడాం. మీరు అడిగిన కొలతల షీటు రేపు సాయంత్రంలోగా మెయిల్ చేస్తాను."

ఎక్కడ కలిశామో ఉంది, ఏం మాట్లాడామో ఉంది, మనం చేస్తానన్న పని ఉంది. మనకేం కావాలో లేదు, మొదటి ముక్కలో అది ఉండకూడదు. కలిసిన ఒకటి రెండు రోజుల్లోపే పంపాలి. వారం దాటితే ఎదుటివాడికి మన మొహం స్టాలులోని మిగతా వందలో కలిసిపోతుంది. చివర్లో 'ఇట్లు మీ విధేయుడు' అక్కర్లేదు గానీ, మొదట్లో 'గారు' తీసేసి 'హాయ్ బ్రో' అనడం మనకన్నా పదేళ్లు పెద్దవాడికి చివుక్కుమంటుంది. ఆయన తెలుగు మాట్లాడతాడని తెలిస్తేనే తెలుగులో రాయండి. పేరు చూసి ఊహించకండి, ఇంటిపేరు చూసి కులం కూపీ తీయడం అసలొద్దు. 

పేర్ల గొడవ ఇక్కడా ఉంది. మనవాళ్లు చాలామంది 'ఫస్ట్ నేమ్' గడిలో ఇంటిపేరు నింపుతారు. టోకున సందేశాలు పంపే రిక్రూటర్ల సాఫ్ట్‌వేర్ ఆ గడిలో ఉన్నదాన్నే తీసుకుని "హాయ్ కొండపల్లి" అంటుంది. మీకు వచ్చే సందేశాలు అలా మొదలవుతుంటే తప్పు వాళ్లది కాదు. ప్రొఫైల్ సవరించుకోండి. సవరించే ముందు 'నెట్‌వర్క్‌తో పంచుకో' అన్న మీట ఆపండి, లేకపోతే ఉద్యోగం, చదువు లాంటి మార్పులు ఊరందరికీ టముకు.

ఎదుటివాళ్లు ఒప్పుకోని ఆహ్వానాలు పేరుకుపోతే లింక్డ్‌ఇన్ కొత్తవి పంపడాన్ని కొంతకాలం ఆపేస్తుంది. 'ఈ మనిషి నాకు తెలియదు' అని ఎక్కువమంది నొక్కినా అంతే. నెలకోసారి 'పంపినవి' జాబితా తెరిచి, చాలాకాలంగా జవాబు లేనివి వెనక్కి తీసుకోవడం మంచిది. వెనక్కి తీసుకున్నాక అదే మనిషికి మూడు వారాల దాకా మళ్లీ పంపలేరు. అందుకే తొందరపడి తీసేయకండి.

సందేశాల విషయంలో రెండు సదుపాయాలు చాలామందికి తెలియవు. పంపిన గంటలోపు సవరించవచ్చు, చెరిపేయవచ్చు. వేరే కంపెనీకి రాసిన ముక్క ఈ కంపెనీవాడికి అతికించినప్పుడు ఇది పరువు నిలబెడుతుంది. రెండోది, 'చదివారు' అన్న గుర్తు. అది ఆపితే ఎదుటివాడు చదివాడో లేదో మనకూ కనిపించదు. చదివి జవాబు ఇవ్వలేదని కుమిలిపోయే స్వభావం ఉంటే ఆపేయడమే ఆరోగ్యం. వాయిస్ నోట్ నిమిషం దాకా పంపొచ్చు. కొత్తవాళ్లకు పంపకండి. ఆఫీసులో ఇయర్‌ఫోన్ వెతుక్కోవాల్సింది ఆయన.

ఇక రిఫరల్, అంటే కంపెనీలో ఉన్నవాళ్లు మన పేరు సిఫారసు చేయడం. మారతహళ్లి, మున్నేకొళాల పీజీల్లో ఉండే మన పిల్లలు దీన్ని అడిగే తీరు చాలావరకు ఒకటే: "అన్నా, మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉన్నాయా?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆ అన్న కంపెనీ వెబ్‌సైట్ తెరిచి, ఈ పిల్లవాడి చదువేంటో, అనుభవమెంతో ఊహించి, సరిపోయేవి వెతకాలి. గంట పని. ఆయన చేయడు. అదే పనిని అడిగేవాడే చేసుకొస్తే అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. కావాల్సినవి ఇవి: ఉద్యోగం ఐడీ నంబరు, ఆ పేజీ లింకు, మీ పేరు మీద సేవ్ చేసిన పీడీఎఫ్ రెజ్యూమె ('న్యూ ఫైనల్ 3' కాదు), మెయిల్, ఫోన్ నంబరు, ఆ ఉద్యోగానికి ఎందుకు సరిపోతారో రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలు ఆయన పోర్టల్‌లో అలాగే అతికించగలిగేలా ఉండాలి.

ఒకే కంపెనీలో ముగ్గురిని ఒకేసారి అడగకండి. చాలా కంపెనీల పోర్టళ్లలో మొదట ఎవరు ఎక్కిస్తే వాళ్ల పేరే ఉంటుంది, మిగతావాళ్లకు 'ఈ అభ్యర్థి ఇప్పటికే ఉన్నారు' అని వస్తుంది. రెండో ఆయన సమయం వృథా, పైగా మీరు ఇంకొకరినీ అడిగారన్న సంగతి బయటపడుతుంది. మీరంతట మీరే ముందుగా దరఖాస్తు పెట్టేసినా ఇదే చిక్కు, కాబట్టి రిఫరల్ తర్వాతే దరఖాస్తు. జవాబు లేకపోతే వారం పది రోజులకు ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ లేకపోతే వదిలేయండి. ఇంటర్వ్యూ ఏమైందో, వచ్చినా రాకపోయినా, ఆయనకు ఒక ముక్క చెప్పండి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. రెండోసారి సాయం అడిగే దారి మూసుకుపోయేదీ దీంతోనే.

ఇప్పుడున్న ఉద్యోగంలో ఉంటూనే వెతుకుతున్నవాళ్లు 'ఓపెన్ టు వర్క్' పెట్టేటప్పుడు 'రిక్రూటర్లకు మాత్రమే' అన్నది ఎంచుకోండి. ఫొటో చుట్టూ ఆకుపచ్చ చట్రం రాదు. మీ కంపెనీ రిక్రూటర్లకు కనిపించకుండా లింక్డ్‌ఇన్ ప్రయత్నిస్తుంది గానీ పూర్తి హామీ ఇవ్వదు. ఎదుటివాళ్ల ప్రొఫైల్ రహస్యంగా చూసే సెట్టింగు కూడా ఉంది. ఉచిత ఖాతాలో అది పెడితే మిమ్మల్ని ఎవరు చూశారో మీకూ కనిపించడం ఆగిపోతుంది. సమావేశానికి ముందు ఆయన ప్రొఫైల్ బాహాటంగా చూడటంలో తప్పేమీ లేదు. తయారై వచ్చారని ఆయనకే తెలుస్తుంది.

నంబరు దొరికాక వాట్సాప్

కార్డు మీది నంబరు ఆ పని గురించి మాట్లాడటానికి ఇచ్చింది. దాన్ని 'బెంగళూరు తెలుగు ప్రొఫెషనల్స్' గ్రూపులో పడేయడానికి కాదు. ఇష్టం లేనివాడు అడ్మిన్ కళ్లముందు 'లెఫ్ట్' అవ్వాల్సిన పరిస్థితి తేవద్దు. చేర్చే బదులు గ్రూపు లింకు ఆయనకు పంపితే సరి, చేరడం ఆయనిష్టం. స్టాలులో పోగుచేసిన నంబర్లన్నిటికీ ప్రకటనలు కొట్టే కంపెనీలకు ఇప్పుడు మర్యాదతో పాటు చట్టం బెడదా ఉంది. దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒక పనికి ఇచ్చిన వివరాలను సమ్మతి లేకుండా ఇంకో పనికి వాడుకోనివ్వదు.

ఇద్దరిని కలపాలంటే విడివిడిగా ఇద్దరినీ అడిగి, ఇద్దరూ సరేనన్నాకే నంబరు పంపండి. ఒకరినే అడిగి రెండో ఆయన కాంటాక్టు ఫార్వార్డ్ చేయడం మనవాళ్లలో మహా మామూలు. "మా వాడే, ఏమనుకోడు" అంటారు. అనుకుంటాడు.

బ్రాడ్‌కాస్ట్ జాబితాతో సంక్రాంతి శుభాకాంక్షలు పంపేవాళ్లకు ఒక సాంకేతిక సంగతి: జాబితాకి 256 మంది పరిమితి, అందులోనూ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. కార్డు పుచ్చుకుని సేవ్ చేసుకోనివాళ్ల దాకా ఆ ముగ్గుల బొమ్మ వెళ్లనే వెళ్లదు.